బరువున్నా కొండెక్కొచ్చు!

మౌంటెయిన్ బైకింగ్ అనగానే పొట్టలేని కుర్రాళ్లు రాళ్ల మీంచి గాల్లోకి ఎగిరే వీడియోలే గుర్తొస్తాయి. వంద కిలోల మనిషి అవి చూసి, ముందు బరువు తగ్గి ఆ తర్వాత సైకిలు సంగతి చూద్దామనుకుంటాడు. ఆ 'తర్వాత' చాలామందికి రానే రాదు. తమాషా ఏమిటంటే, ఈ ఆటను పుట్టించినవాళ్లలో చాలామంది మొదట్లో కొండను తొక్కి ఎక్కినవాళ్లు కాదు.

1976 అక్టోబరు 21. అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరి దగ్గర కొందరు మిత్రులు ఒక మట్టిదారిలో పందెం పెట్టుకున్నారు. సుమారు రెండు మైళ్ల దారి, 1,300 అడుగుల దిగుడు. వాళ్ల సైకిళ్లు 1930, 40ల నాటి ష్విన్ కంపెనీ పాత బళ్లు, ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. వాటిని ట్రక్కుల్లో వేసుకుని పైకి చేర్చేవారు, లేదంటే నెట్టుకుంటూ పోయేవారు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు దిగేటప్పుడు ఎంత వేడెక్కేదంటే, హబ్బులోని గ్రీజు పొగై పోయేది. కిందికి చేరాక హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరాలి. ఆ గుంపులోని గ్యారీ ఫిషర్ లాంటివాళ్లు ఆ మొద్దు సైకిళ్లకు గేర్లు బిగించాకే వాటిని తొక్కుతూ కొండెక్కడం అలవాటైంది. 1977లో అదే గుంపులోని జో బ్రీజ్ ఈ పనికోసమే ఫ్రేములు కట్టడం మొదలెట్టాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు వచ్చేసరికి మౌంటెయిన్ బైకింగ్ పతకాల ఆటైపోయింది.

కండలున్న ఆ కుర్రాళ్లకే కొండెక్కడానికి గేర్లు కావాల్సి వచ్చాయి. బరువైన కొత్తవాళ్లు మాత్రం ఉన్న గేర్లను వదిలేసి, పళ్లు బిగబట్టి తొక్కి, రెండో మలుపు దగ్గర దిగిపోయి తమ ఒంటిని తిట్టుకుంటారు. ఈ కథనం వాళ్లకోసం.

ఒక చిన్న లెక్క

105 కిలోల మనిషి, 15 కిలోల సైకిలు. ఎదురుగా 8 శాతం ఎత్తు, అంటే వంద మీటర్లు ముందుకెళితే 8 మీటర్లు పైకి. గంటకు 6 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, మట్టిదారి లాగే లాగుడుతో కలిపి దాదాపు 200 వాట్ల శక్తి కావాలి. పక్కనే వస్తున్న 70 కిలోల మిత్రుడికి 140 చాలు. కబుర్లు చెప్పుకుంటూ జంటగా ఎక్కుదామనుకుంటే ఆ కబుర్లు మిత్రుడివే అవుతాయి, మీది ఆయాసమే. అదే మీరు 4 కిలోమీటర్లకు తగ్గితే మీకూ 130 వాట్లే. కొండ మారలేదు, ఒళ్లు మారలేదు. ఆత్రం తగ్గింది, అంతే.

కాకపోతే 4 కిలోమీటర్లంటే నడక వేగం. ఆ వేగంలో సైకిలు పడిపోకుండా నిలబెట్టడం ఒక విద్య. దాన్ని నేర్చుకోవడానికి కొండదాకా పోనక్కర్లేదు, అపార్టుమెంటు సెల్లార్ చాలు. కార్లు లేని వేళ చూసుకుని గీత మీద ఎంత నిదానంగా పోగలరో అంత నిదానంగా పోవడం, ఆపైన సెల్లార్ ర్యాంపును అన్నిటికన్నా తేలిక గేరులో ఎక్కడం. "ఏం సార్, పెట్రోలు రేటు పెరిగిందనా?" అని అడిగే పొరుగాయన ప్రతి అపార్టుమెంటులోనూ ఉంటాడు. ఆయనకు నవ్వొక్కటే జవాబు.

గేరు విషయంలో కొట్టువాడు చెప్పని సంగతి ఒకటుంది. మన దగ్గర మామూలు ధరలో దొరికే చాలా సైకిళ్లకు ముందు చిన్న పళ్లచక్రం 24 పళ్లది, వెనక పెద్దది 28 పళ్లది. అన్నిటికన్నా తేలిక గేరులో కూడా ఒక్కసారి పెడల్ తిప్పితే బండి దాదాపు 1.9 మీటర్లు ముందుకు పోతుంది. బరువైన మనిషికి ఏటవాలులో ఇది మోకాళ్ల మీద మోత. వెనక ఫ్రీవీల్ మార్చి 34 పళ్లది వేయించుకుంటే అదే తిప్పుకు మీటరున్నర చిల్లర. గేరు మార్చే డెరైలర్‌కు అది సరిపోతుందో లేదో మెకానిక్‌తో చూపించుకుంటే చాలు, ఖర్చు పెద్దదేమీ కాదు. కార్బన్ ఫ్రేముకు పోసే డబ్బుతో పోలిస్తే ఇది చిల్లర కిందే లెక్క. సైకిల్లో రెండు కిలోలు తగ్గించుకోవడానికి వేలకు వేలు పోసేవాళ్లను చూస్తే నాకెప్పుడూ ఆశ్చర్యమే.

ముందు డాక్టరు, తర్వాత ట్రాక్

భారతీయుల్లో బీఎంఐ 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. నలభై దాటి, ఆ గీత కూడా దాటి, ఏళ్లుగా కుర్చీకి అతుక్కుపోయిన మనిషి హఠాత్తుగా కొండ మీదికి పోకూడదు. బీపీ, షుగర్, గుండె పరీక్షలు చేయించుకుని డాక్టరుకు విషయం చెప్పాలి. ముఖ్యంగా షుగర్‌కు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు. తొక్కుతుండగా షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. మందుల మోతాదు గురించి ముందే అడగాలి, జేబులో గ్లూకోజ్ ఉండాలి. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం కనబడితే ఆపేయాలి. తేన్పు వస్తే తగ్గిపోతుందిలే అని సోడా తాగి సర్దుకోకూడదు.

మొదటి రెండు మూడు నెలలు చదునైన దారే. హైదరాబాద్ పడమటి వైపు ఉండేవాళ్లకు నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకుని 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. నెత్తిమీద సోలార్ పలకల కప్పు, పక్కన లారీల భయం లేదు. విశాఖవాళ్లకు తెల్లవారుజామున బీచ్ రోడ్డు ఉండనే ఉంది; కైలాసగిరి ఘాట్ సంగతి తర్వాత. చదునులో బరువు పెద్దగా అడ్డు రాదు, అక్కడ పోరు గాలితోనే. అందుకే వంద కిలోలున్నా చదును మీద మిగతావాళ్లతో కలిసి తొక్కొచ్చు, మనసుకు కాస్త ధైర్యం చిక్కుతుంది.

ఎంత గట్టిగా తొక్కాలి? గడియారాలు, గుండెకు కట్టే పట్టీలు తర్వాత కొనుక్కోవచ్చు. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టు. పాట సాగుతోందంటే తక్కువైనట్టు. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇలాంటి శ్రమ గురించే. వారంలో మూడు నాలుగు రోజులకు దాన్ని పంచుకుంటే సరిపోతుంది. బరువైనవాళ్లకు ఈ మాట పరీక్ష మరీ ముఖ్యం. వాళ్లకు చిన్న మిట్ట కూడా పరుగుపందెమే అయిపోతుంది కాబట్టి, తెలియకుండానే రోజూ ఒంటిని చివరంచుదాకా తోస్తారు. మూడో వారానికి మోకాలు పట్టేస్తుంది, సైకిలు బాల్కనీలో బట్టలారేసుకునే దండెమవుతుంది.

నెమ్మదిగా తొక్కినా లోపల జరిగే పని తక్కువేమీ కాదు. మొదటి ఒకటి రెండు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది, గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోయగలుగుతుంది. తర్వాతి వారాల్లో కండరాల్లో మైటోకాండ్రియాలు, వాటి చుట్టూ సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. ఇవేవీ తూకం యంత్రం మీద కనబడవు. నెల తిరిగేసరికి కిలో కూడా తగ్గలేదని దిగులుపడే మనిషి, అదే మిట్టను మాట తెగకుండా ఎక్కేస్తున్న సంగతి గమనించడు. పొద్దున లేవగానే మంచం మీదే నాడి చూసి రాసుకోండి. ఆ అంకె మెల్లగా దిగుతుంటే దారిలోనే ఉన్నట్టు. దమ్ము ముందొస్తుంది, సన్నదనం వెనక వస్తుంది.

సైకిలు దిగాక

కొండ దిగేటప్పుడు సీటు మీద కూర్చునే సమయం తక్కువ. దిగుడులో పెడల్స్ రెండూ నేలకు సమంగా పెట్టి, పిరుదులు సీటు నుంచి లేపి వెనక్కి జరిపి, మోచేతులు బయటికి వంచి నిలబడాలి. అంటే వంద కిలోల ఒంటిని తొడలు, నడుం మోయాలి. అలవాటు లేనివాడికి రెండు నిమిషాల్లో తొడలు వణుకుతాయి. అందుకే వారానికి రెండు రోజులు ఇంట్లో పని. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడంతో మొదలెట్టి సగం బస్కీలదాకా రావాలి. గోడకు చేతులు ఆనించి దండీలు. నీళ్లు నింపిన బకెట్లు రెండు చేతులా పట్టుకుని వరండా పొడవునా నడక: పిడికిలి పట్టు, నడుం బలం రెండూ దీంతోనే వస్తాయి, జిమ్ముకు చందా కట్టనక్కర్లేదు. నేల మీంచి బరువెత్తేటప్పుడు వీపు వంచకుండా తుంటి దగ్గర వంగడం అలవాటు చేసుకుంటే, దిగుడులో నిలబడాల్సిన భంగిమ సగం వచ్చేసినట్టే.

ఇక కూర్చునే చోటు. మొదటి వారం నొప్పికి అందరూ మెత్తటి వెడల్పాటి జెల్ సీటు కొంటారు. అది ఇంకా బాధ పెడుతుంది. మెత్తదనంలో ఎముకలు కూరుకుపోయి ఒత్తిడంతా పక్క కండ మీద పడుతుంది, తొడలు ఒరుసుకుంటాయి. కూర్చునే ఎముకల వెడల్పుకు సరిపడే గట్టి సీటు, లోపల బట్ట లేకుండా వేసుకునే ప్యాడింగ్ షార్ట్స్, ఒరిపిడికి కాస్త క్రీము ఉంటే చాలు. సీటు ఎత్తు కూడా చూసుకోండి. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తెస్తే కాలు నిటారుగా సాగాలి. మోకాలి ముందువైపు నొప్పికి చాలాసార్లు సీటు కిందికుండటమే కారణం.

వెనక చక్రం మీద ఓ కన్నుండాలి, బరువులో ఎక్కువ భాగం మోసేది అదే. 32 పుల్లలు, వీలైతే 36 పుల్లలున్న చక్రం మేలు. కొత్త సైకిలు మొదటి వంద, రెండు వందల కిలోమీటర్లు తిరిగాక పుల్లలు వదులవుతాయి. బెండు తీయించి బిగించుకోకపోతే ఒక్కొక్కటే టప్పున తెగుతాయి. కొనేటప్పుడే ఆ సైకిలు ఎన్ని కిలోల మనిషిని మోస్తుందని కంపెనీ చెబుతోందో అడగండి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదది. లారీ కొనేవాడు లోడు అడగడా?

కంచం దగ్గర

సైకిలు తొక్కితే బరువు మంచులా కరిగిపోతుందని నమ్మించేవాళ్లున్నారు. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీలుంటాయి. బరువైన మనిషి గంటసేపు ఓ మోస్తరుగా తొక్కితే ఖర్చయ్యేది సుమారు నాలుగైదు వందలు. తిరిగొస్తూ టిఫిన్ సెంటర్ దగ్గర ఆగి నెయ్యి కారం దోసె, వడ, ఆపైన టీ కానిస్తే ఖాతా సరి. బరువు తగ్గేది ప్రధానంగా కంచం దగ్గరే. రాత్రి అన్నం సగం చేసి పప్పు, కూర, గుడ్డు పెంచడం లాంటి విసుగు పుట్టని మార్పులు ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఉపవాసాలు చేస్తూ కొండలెక్కే పని మాత్రం పెట్టుకోకండి, కండ కరిగిపోతుంది. గంట దాటే రోజున బయల్దేరే ముందు ఒక అరటిపండో రెండు ఇడ్లీలో పడాలి. దారిలో నీళ్లు, ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ. బజారులో అమ్మే రంగునీళ్ల సీసాలు మన స్థాయి తొక్కుడుకు అక్కర్లేదు.

అనంతగిరి వైపు

మాట తెగకుండా గంటన్నర చదునులో తొక్కగలిగి, సెల్లార్ ర్యాంపు బెదురు పోయాక కొండ చూడొచ్చు. హైదరాబాద్‌కు దగ్గర్లో వికారాబాద్ పక్కనున్న అనంతగిరి, మూసీ పుట్టిన చోటు, అందుకు అనువైనది. అక్టోబరు నుంచి జనవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. మొదటిసారి తారురోడ్డు మీదే ఎక్కి దిగండి. అడవి బాటల్లోకి పోవాలంటే అటవీశాఖవాళ్లను అడిగి, తెలిసినవాళ్లతో పోవాలి. పది మంది బలాఢ్యుల గుంపుతో మాత్రం మొదటి ప్రయాణం వద్దు. పైన కూర్చుని మీకోసం ఎదురుచూసి, మీరు రొప్పుతూ చేరగానే "ఇక కదులుదామా" అంటారు. వాళ్లకు దొరికిన విశ్రాంతి మీకు దొరకదు. మీకన్నా నిదానస్తుడిని ఒకణ్ని వెతికి పట్టుకోండి.

ఊపిరి అందకపోతే దిగి నెట్టండి. సైకిలు నెట్టుకుంటూ ఎత్తెక్కడం కూడా గుండెకు మంచి శ్రమే. ఈసారి ఎక్కడిదాకా తొక్కగలిగారో ఒక చెట్టును గుర్తు పెట్టుకుంటే చాలు.

దిగేటప్పుడు బరువు వేరే రకంగా పలకరిస్తుంది. 50 మీటర్ల ఎత్తు నుంచి దిగేటప్పుడు, బండీ మనిషీ కలిపి 120 కిలోలైతే బ్రేకుల్లో కరిగించాల్సిన శక్తి, 85 కిలోల జోడీతో పోలిస్తే 40 శాతం ఎక్కువ. అందుకే రిమ్మును పట్టే బ్రేకుల కంటే డిస్క్ మేలు, వీలైతే 180 మిల్లీమీటర్లది. బ్రేకును పొడుగునా నొక్కి పట్టకుండా మలుపుకు ముందే రెండూ కలిపి పట్టి, వదిలి, మళ్లీ పట్టాలి. మన దక్కను నేలలో గట్టి నేల మీద సన్నటి మొరం పరుచుకుని ఉంటుంది, మలుపులో ముందు బ్రేకు గట్టిగా పడితే ముందు చక్రం జారి మనిషి పక్కకు పోతాడు. చూపు చక్రం మీద కాదు, వెళ్లాల్సిన చోట ఉండాలి.

టైర్లలో గాలి మిత్రుడి కంటే ఎక్కువుండాలి. అతను 25 పీఎస్‌ఐతో తిరుగుతుంటే మీరు 30 దాటించాల్సి రావచ్చు, లేదంటే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి రెండు చోట్ల చిల్లుపడుతుంది. ఇక పల్లేరుకాయలు, తుమ్మముళ్లు అడుగడుగునా ఉంటాయి. ట్యూబులో సీలెంట్ పోయించుకోండి, అయినా ఒక స్పేర్ ట్యూబు, పంపు, టైరు ఊడదీసే లివర్లు దగ్గరుండాలి. ట్యూబు మార్చాక టైరు లోపల వేళ్లతో మెల్లగా తడిమి చూడండి. పాత ముల్లు అక్కడే ఉండిపోతే కొత్త ట్యూబు వంద గజాలు కూడా రాదు.