కారులో దారిజూపు యంత్రము

కారు ముందుటద్దమున కతికించి, సిగరెట్టు లైటరు రంధ్రమునుండి విద్యుచ్ఛక్తి నొసగిన దారి చెప్పు చిన్న యంత్రమును కొనదలచువారు మొదట దాని పనితీరు నెఱుంగుట మేలు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్న అమెరికావారి జీ.పీ.యస్. ఉపగ్రహములు తమ గడియారముల కాలమును రేడియో తరంగములద్వారా పంపుచుండును. అవి చేరుటకు పట్టిన కాలమును బట్టి యంత్రము దూరమును లెక్కగట్టును. ఇందులకు కనీసము నాలుగు ఉపగ్రహములు వలయును. సెకండులో పదిలక్షవ వంతు తప్పిన, దూరము 300 మీటర్లు తప్పును!

అయితే ఉపగ్రహమువలన తెలియునది స్థానము మాత్రమే. దారి చెప్పునది యంత్రములోని పటము. చిక్కంతయు నిచ్చటనే యున్నది. చిలకలూరిపేట మీదుగా పోవు 5వ నంబరు జాతీయ రహదారికి 2010లో 16వ నంబరు వచ్చెను. 2022 ఏప్రిలు 4న పల్నాడు జిల్లా యేర్పడెను. ఊరిలోనికి రాకుండ బైపాసును నిర్మించిరి. పాత పటమున నివి యేవియు నుండవు. మహాశివరాత్రినాడు ప్రభలు కదలు కోటప్పకొండ త్రోవయు దానికి మామూలు త్రోవయే. రాత్రివేళ రోగిని గొనిపోవువారికి ఇట్టి పొరపాటు చిన్నది కాదు.

కావున తమకు బాగుగా తెలిసిన నరసరావుపేట త్రోవలోనే మొదట నడిపి చూడవలెను. మలుపును ఎంత ముందుగా చెప్పినది, దారి తప్పినపుడు ఎంతసేపటికి సవరించుకొన్నది, మన యూళ్ల పేళ్లను ఎట్లు పలికినది (ఇందు నవ్వు పుట్టించుట కలదు) గమనింపవలెను.

సెల్‌ఫోను చేతనుండగా ఇది యేల యని కొంద ఱడుగుదురు. ఫోనులోని పటము తఱచు సరిచేయబడునుగాని, ముందుగా దింపి యుంచుకొననిచో సిగ్నలు లేనిచోట క్రొత్త పటమును చూపజాలదు. ఈ యంత్రము పటము నంతయు తన కడుపులోనే దాచుకొనును. నల్లమల యడవిదారిని శ్రీశైలము పోవువారికి ఇది యుపకరించును. పేటనుండి గుంటూరు పోయి వచ్చువారికి మైలురాళ్లే చాలును.