ముక్కాలిపీట నుంచి నాలుగు చక్రాల దాకా

ఎడ్లబండికి స్ప్రింగులుండవు. మా ట్రాక్టరు వెనుక ఇరుసుకీ లేవు. అయినా రెండూ గట్లూ గుంటలూ దాటుకుని చేలోకి పోతూనే ఉన్నాయి. మరి రోడ్డు లేని చోట నడిచే బండికి అన్ని స్ప్రింగులెందుకు, అంత పైపుల అల్లిక ఎందుకు? ఈ సందేహం నాకు చాలాకాలంగా ఉండేది. ఇంజనీరింగ్ చదివే మా బావ వాళ్ళ జట్టు అలాంటి బండినొకదాన్ని కడుతుంటే, సెలవుల్లో నెల రోజులు వాళ్ళ షెడ్డులో పైపులకు ఆకురాయి పడుతూ సందేహం తీర్చుకున్నాను. నాకు తెలిసినంత మేరకు ఇక్కడ చెబుతాను.

ఇలాంటి బళ్ళకు ‘బాహా’ అన్న పేరు మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం నుంచి వచ్చింది. 1967లో అక్కడి ఎడారి దారుల్లో టిహువానా నుంచి లాపాజ్ దాకా ఒక పందెం జరిగింది. అందులో గెలిచింది పెద్ద ట్రక్కేమీ కాదు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు సామానుతో కట్టిన ‘మేయర్స్ మాంక్స్’ అనే తేలికపాటి బగ్గీ. 1976లో అమెరికాలోని సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయంలో, విద్యార్థులు తమ చేతులతో బండి కట్టి నడిపే పోటీ ఆరంభమైంది. మన దేశంలో అదే తరహా పోటీ 2007లో మొదలై, ఇండోర్ దగ్గరి పీతంపూర్‌లో చాలా ఏళ్ళు జరిగింది. ఇంజను అందరికీ ఒకే రకం ఇవ్వడం ఆ పోటీ పద్ధతి. అంచేత గెలుపు చాలావరకు ఛాసిస్, సస్పెన్షన్ల మీదే ఆధారపడి ఉంటుంది.

అసలు సూత్రం ఒక్కటే. బండిలో కదలవలసినవి కొన్ని, కదలకూడనివి కొన్ని. సస్పెన్షన్ కదలాలి. ఛాసిస్ కదలకూడదు. ఇది తారుమారైతే బండి నిలవదు.

ముందు కదలవలసిన దాని సంగతి చూద్దాం. ముక్కాలిపీటను ఎగుడుదిగుడు నేల మీద ఎక్కడ వేసినా కుదురుగా నిలుస్తుంది. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి గనుక. నులకమంచం అలా కాదు. నాలుగో కోడు గాలిలో ఉండిపోయి టకటకమంటుంది. నాలుగు చక్రాల బండికీ ఇదే తంటా. గాలిలో లేచిన చక్రం ఊరికే తిరుగుతుంది గాని బండిని లాగదు. ట్రాక్టరు దీన్ని తెలివిగా తప్పించుకుంది. దాని ముందు ఇరుసు నడుమ ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది. అంటే ట్రాక్టరు నిజానికి నాలుగు చక్రాలున్న ముక్కాలిపీట అన్నమాట! మెల్లగా పోయే బండికి అది చాలు. వేగంగా పోవాలంటే మాత్రం నాలుగు చక్రాలూ దేనికది నేలను పట్టుకోవాలి.

పాత జీపులో రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి, కమాను పట్టీల మీద కూర్చోబెట్టారు. గట్టితనానికి దానికి సాటి లేదు. కానీ ఒక చక్రం రాయెక్కితే రెండోది కూడా ఒరుగుతుంది. బాహా బళ్ళలో చాలావాటికి, ముఖ్యంగా ముందు వైపు, ఒక్కొక్క చక్రానికి ఒకదానిపై ఒకటిగా రెండు చేతులుంటాయి. ఒక్కొక్కటి ఇంగ్లీషు ‘ఏ’ అక్షరంలా ఉంటుంది. దాని రెండు కాళ్ళూ ఛాసిస్‌కు, కొస చక్రం వైపుకు కీళ్ళతో కలుస్తాయి. అంచేత చక్రం పైకి లేచినా దాదాపు నిలువుగానే ఉంటుంది, పక్క చక్రానికి ఆ సంగతే తెలియదు.

ఇక స్ప్రింగు ఎంత మెత్తగా ఉండాలి? మన ఫస్టియరు లెక్కే చాలు. బరువు పెట్టినప్పుడు స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో చూసి, 5ను ఆ సంఖ్య వర్గమూలంతో భాగిస్తే, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో సుమారుగా తెలుస్తుంది. 1 సెం.మీ. కుంగితే 5 సార్లు, 6 సెం.మీ. కుంగితే 2 సార్లు. కూర్చున్న మనిషి నడుముకు, పొట్టకు బాగా చేటు చేసేవి సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే కుదుపులు. రోజంతా ట్రాక్టరు తోలి వచ్చిన నాన్న నడుం పట్టుకుని ఎందుకు కూర్చుంటాడో ఈ లెక్క చూశాకే నాకు బోధపడింది.

స్ప్రింగు ఎక్కడ బిగించామన్నదీ ముఖ్యమే. ఏతాం చూసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. చెయ్యి పొడవు 40 సెం.మీ. అనుకోండి. స్ప్రింగును సరిగ్గా సగంలో, 20 సెం.మీ. దగ్గర పెడితే, చక్రం 10 సెం.మీ. లేచినప్పుడు స్ప్రింగు నొక్కుకునేది 5 సెం.మీ. మాత్రమే. దాని బలం కూడా చక్రం దగ్గరకు వచ్చేసరికి సగమే. సగంలో సగం, అంటే చక్రానికి అందే బిగువు నాలుగో వంతు! కాబట్టి అక్కడ నాలుగు రెట్లు గట్టి స్ప్రింగు వెయ్యాలి.

స్ప్రింగొక్కటే ఉంటే బండి ఊయలలా ఊగుతూనే ఉంటుంది. షాక్ అబ్జార్బర్‌లో నూనె సన్నని రంధ్రాల గుండా దూరవలసి వస్తుంది. ఊపులోని శక్తి వేడిగా మారి, ఊగడం ఆగిపోతుంది.

ఇప్పుడు కదలకూడని దాని సంగతి. నాలుగు కర్రలు చతురస్రంగా కట్టి ఒక మూల తోస్తే పక్కకు ఒరిగిపోతుంది. మూల నుంచి మూలకు ఏటవాలుగా ఇంకొక కర్ర కట్టండి, ఇక కదలదు. త్రిభుజం బలం అది. ఛాసిస్ అంతా త్రిభుజాల అల్లికే. సస్పెన్షన్ చేతులను కూడా పైపులు కలిసే చోటే బిగిస్తారు. పైపు నడుమ బిగిస్తే అక్కడే వంగిపోతుంది.

పైపే ఎందుకు, కడ్డీ ఎందుకు కాదు? జవాబు వెదురులో ఉంది. పోటీ నిబంధనలు ముఖ్యమైన పైపులకు చెప్పే కొలత వెలుపలి వ్యాసం 25 మి.మీ., మందం 3 మి.మీ., ఉక్కులో కనీసం 0.18 శాతం కార్బన్. లేదా వంపును అంతగానూ తట్టుకునే మరొకటి. ఈ పైపు మీటరుకు సుమారు 1.6 కిలోలు తూగుతుంది. అంతే బరువుకు నిండు కడ్డీ అయితే 16 మి.మీ. లావు వస్తుంది. లెక్క కట్టి చూశాను. వంగకుండా నిలవడంలో పైపు ఆ కడ్డీకి సుమారు 3.7 రెట్లు. లోహం నడిమి నుంచి ఎంత దూరాన ఉంటే అంత బలమన్నమాట.

డ్రైవరు చుట్టూ ఇదే పైపులతో కట్టిన పంజరాన్ని రోల్ కేజ్ అంటారు. బండి పల్టీ కొట్టినా అది నలగకూడదు. అందుకే పోటీకి వెళ్ళే ముందు వెల్డింగు నమూనాలను విరిచి పరీక్ష చేస్తారు. తుప్పు మీదా రంగు మీదా పెట్టిన అతుకు పైకి బాగానే కనిపిస్తుంది. లోపల పట్టు ఉండదు.

ఈ పంజరం సంగతి విన్నప్పుడు నాకు పోటీ కన్నా మా పొలమే గుర్తొచ్చింది. ట్రాక్టరు తిరగబడి తోలేవాడు పోయాడన్న వార్త పేపర్లో చదవనివాళ్ళం మనలో ఎవరం? వెనుక చక్రాలు బురదలో బిగుసుకుపోతే ఇంజను బలం చక్రాన్ని తిప్పలేక బండి ముందు భాగాన్నే పైకి లేపుతుంది. స్వీడన్‌లో 1959 నుంచే కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రం తప్పనిసరి చేశారు. ఆ తర్వాత అక్కడ ఈ చావులు బాగా తగ్గాయి. మన ఊళ్ళలో చాలా ట్రాక్టర్ల మీద కనిపించేది వెల్డింగు షాపులో కట్టించిన నీడ టాపు. అది ఎండను ఆపుతుంది గాని ట్రాక్టరు బరువును ఆపలేదు.

మన కాలేజీలో సగంమందిమి రైతుల పిల్లలమే. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ట్రాక్టరు మీద ఉన్నది టాపో, చట్రమో ఒక్కసారి చూడండి. చట్రం కొనాలంటే పరీక్షలో నెగ్గినదే కొనమనండి, దానితోపాటు సీటు బెల్టు కూడా పెట్టుకోమనండి. త్రిభుజం బలం మనం పరీక్ష పేపర్లో రాసి మార్కులు తెచ్చుకున్నదే. అది ఇంట్లో వాళ్ళకు కూడా అక్కరకు రావాలని నా విన్నపం.