నాయబ్ సుబేదార్ పంతులుగారు

సంస్కృతంలో శాస్త్రి గానీ ఆచార్య గానీ చదివినవాళ్ల కోసం వెలువడే ఉద్యోగ ప్రకటనల్లో ఒకదానికి వింత షరతు ఉంటుంది. అభ్యర్థి 1.6 కిలోమీటర్లు ఎనిమిది నిమిషాల్లో పరుగెత్తాలి. ప్రకటన ఇచ్చేది భారత సైన్యం, ఉద్యోగం పేరు రిలీజియస్ టీచర్. తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్న కుర్రాడికి గుడో బడో తప్ప గతి లేదనుకునే పెద్దలు చాలామంది ఈ కొలువు సంగతి వినే ఉండరు.

2022లో సైన్యం ఇలాంటి 128 ఖాళీలు ప్రకటించింది. అందులో పండిత్‌లు 108 మంది, గోర్ఖా రెజిమెంట్లకు విడిగా మరో ఐదుగురు. గ్రంథీలు 8, సున్నీ మౌల్వీలు 3, లద్దాఖ్ స్కౌట్స్ కోసం ఒక షియా మౌల్వీ, పాద్రీలు ఇద్దరు, బౌద్ధ భిక్షువు ఒకరు. ఎవరి చదువు వాళ్లది. గ్రంథికి పంజాబీలో జ్ఞాని పరీక్ష, మౌల్వీకి అరబీలోనో ఉర్దూలోనో ఆలిం పట్టా, పాద్రీకి స్థానిక బిషప్ ఆమోదించిన జాబితాలో పేరు, భిక్షువుకు మఠం ఇచ్చిన ధ్రువపత్రం కావాలి. పరుగు మాత్రం అందరికీ ఒకటే.

ఎంపికైనవాళ్లను పుణెలోని జాతీయ సమైక్యతా సంస్థకు పంపుతారు. అక్కడ పండిత్ పక్కన మౌల్వీ, మౌల్వీ పక్కన గ్రంథి కూర్చుని ఒకరి మతం గురించి ఒకరు నేర్చుకుంటారు. ఊళ్లో ఉండగా మసీదు గడప తొక్కని పంతులు ఇక్కడ నమాజు వేళలు తెలుసుకుంటాడు. ఎందుకంటే రేపు అతను పనిచేయబోయే యూనిట్‌లో అన్ని మతాలవాళ్లూ ఉండొచ్చు. అలాంటి చోట గుడి, మసీదు, గురుద్వారా, చర్చి ఒకే కప్పు కింద ఉంటాయి. దాన్ని సర్వ ధర్మ స్థల్ అంటారు.

అమెరికా, బ్రిటన్ సైన్యాల్లో మతగురువుకు ఆఫీసరు హోదా ఇస్తారు. మన సైన్యంలో అతను నాయబ్ సుబేదార్‌గా చేరతాడు. జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల వరసలో అది మొదటి మెట్టు. పైన ఆఫీసర్లు, కింద జవాన్లు, నడుమ ఈయన. చదివిన చదువుకు ఇది తక్కువ హోదా అని కొందరికి అనిపించొచ్చు గానీ, చేయాల్సిన పనిని బట్టి చూస్తే ఇదే సరైన చోటు. ఇంట్లో తల్లికీ పెళ్లానికీ పడటం లేదనీ, పొలం గట్టు దగ్గర పాలివాళ్లు పేచీ పెట్టారనీ జవాను కెప్టెన్ ముందు నిలబడి చెప్పలేడు. పక్క మంచం వాడికి చెబితే తెల్లారేసరికి బ్యారక్ అంతా పాకుతుంది. పండిత్‌జీ దగ్గరైతే హారతి అయ్యాక కాసేపు వెనకబడి నాలుగు మాటలు చెప్పుకోవచ్చు. ఆయన చేతిలో ఛుట్టీ మంజూరు చేసే అధికారం ఉండదు, శిక్ష వేసే అధికారమూ ఉండదు. జవాను ధైర్యంగా నోరు విప్పేది కూడా అందుకే.

ఆయన రోజు జవాను రోజుతో పాటే మొదలవుతుంది. పొద్దున్నే యూనిట్ మందిరం తెరిచి, దీపం పెట్టి, పూజ ముగించాలి. సాయంత్రం హారతి. వీటికి ఎవరూ రాకపోయినా అడిగే నాథుడుండడు. వారానికోసారి జరిగే మందిర్ పరేడ్ సంగతి వేరు. పేరులోనే పరేడ్ ఉంది, కనుక అందరూ హాజరు కావాల్సిందే. కమాండింగ్ ఆఫీసర్ సహా అంతా బూట్లు విప్పి నేల మీద కూర్చుంటారు. భజన, హారతి, ప్రసాదం, మధ్యలో పండిత్‌జీ చిన్న ప్రవచనం. అందులో రాముడు, అర్జునుడు ఉంటారు గానీ చివరికి కథ క్రమశిక్షణ దగ్గరికో, పల్టన్ పరువు దగ్గరికో తిరుగుతుంది. పుణ్యం కోసం చెప్పే పురాణం కాదది.

గుడి పని సగమే. సైన్యం రాసిపెట్టిన విధుల్లో ఆస్పత్రిలో ఉన్నవాళ్లను పలకరించడం, కోలుకుంటున్నవాళ్లతో కలిసి ప్రార్థించడం, శిక్ష అనుభవిస్తున్న సైనికులను వెళ్లి చూడటం, జవాన్ల పిల్లలకు మతబోధ చేయడం, అంత్యక్రియలకు హాజరు కావడం ఉన్నాయి. తప్పుచేసి గదిలో పడ్డ సిపాయి దగ్గరికి విచారణ చేయడానికి కాకుండా వెళ్లే మనిషి ఆయనే.

శిక్షణ ముగించిన రంగరూట్ల కసమ్ పరేడ్‌లో ఈ మతగురువులు అందరి కళ్లకూ కనపడతారు. కుర్రాళ్లు తమ తమ పవిత్ర గ్రంథాల సాక్షిగా దేశానికి విధేయులమని ప్రమాణం చేస్తారు. పండిత్ గీతతో, గ్రంథి గురుగ్రంథ్ సాహిబ్‌తో, మౌల్వీ ఖురాన్‌తో, పాద్రీ బైబిల్‌తో మైదానంలోకి వస్తారు. ముస్లింలు, హిందువులు, సిక్కులు, బౌద్ధులు కలిసి పనిచేసే జమ్మూకశ్మీర్ లైట్ ఇన్‌ఫాంట్రీలో ఈ దృశ్యం చూసితీరాల్సిందే.

సైన్యం మతాన్ని ఇంత పట్టించుకోవడం వెనక భక్తి కంటే చేదు అనుభవం ఎక్కువ. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో సిపాయిలు నుదుట బొట్టు పెట్టుకోరాదని, చెవిపోగులు తీసేయాలని, కొత్తరకం తలపాగా పెట్టుకోవాలని ఆజ్ఞలు వచ్చాయి. ఆ తలపాగాకు తోలు కుచ్చు కూడా ఉంది. 1806 జులై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. 1857లో కొవ్వు పూసిన తూటాల కథ అందరికీ తెలిసిందే. సిపాయి జీతంతో పాటు అతని ఆచారం కూడా లెక్కలోకి వస్తుందని దొరలకు ఆలస్యంగా తలకెక్కింది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి వాళ్లెంత మారారో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో తెలుస్తుంది. అక్కడి రాజభవనం రాయల్ పెవిలియన్‌ను గాయపడ్డ భారతీయ సైనికులకు ఆస్పత్రిగా మార్చారు. మతాలను, కులాలను బట్టి తొమ్మిది వంటశాలలు పెట్టారు. హిందువులకు, ముస్లింలకు వేర్వేరు కుళాయిలు బిగించారు. కన్నుమూసిన 53 మంది హిందూ, సిక్కు సైనికులను ఊరి వెలుపలి ప్యాచమ్ గుట్టల మీద దహనం చేశారు. ఆ చోటే 1921లో పాలరాతి ఛత్రి లేచింది. ముస్లిం సైనికులను వోకింగ్ మసీదుకు దగ్గర్లో ఖననం చేశారు. కన్నవాళ్లు వేల మైళ్ల అవతల ఉన్నా, తమ మతం ప్రకారమే సాగనంపుతారన్న భరోసా కుర్రాడికి ఇవ్వకపోతే వాడు ముందుకు నడవడు. రిలీజియస్ టీచర్ విధుల్లో అంత్యక్రియలు ఇవాళ్టికీ ఉన్నది ఇందుకే.

పండిత్‌జీ పుస్తకాల్లో లేని దేవుళ్లు కూడా సైన్యానికి ఉన్నారు. సియాచిన్ బేస్ క్యాంప్‌లో ఓపీ బాబా గుడి ఉంది. ఓం ప్రకాశ్ అనే సైనికుడు చనిపోయాక కూడా కాపలా కాస్తున్నాడని నమ్మకం. మంచు మీదికి ఎక్కబోయే దళం ముందు ఆయనకు రిపోర్ట్ చేసి వెళ్తుంది, దిగి వచ్చాక మళ్లీ రిపోర్ట్ చేస్తుంది. సిక్కింలో నాథూ లా దగ్గర బాబా హర్భజన్ సింగ్ మందిరమూ అలాంటిదే. ఈ బాబాలను ఏ గురువూ ప్రతిష్ఠించలేదు, జవాన్లే నిలబెట్టుకున్నారు.

మన సైన్యంలో ఆఫీసరుది ఏ మతమైనా, తన కింద ఉన్న జవాన్ల మతాన్నే తన మతంగా పాటించాలన్నది పాత ఆనవాయితీ. 2020 జూన్‌లో గల్వాన్‌లో నేలకొరిగిన కల్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. ఆయన నడిపింది మాత్రం బజరంగబలికీ బిర్సా ముండాకూ జై కొట్టే బిహార్ రెజిమెంట్ పదహారో బెటాలియన్‌ను. తెలుగువాడు బిహారీల మధ్య కూర్చుని వాళ్ల పండగే తన పండగ చేసుకుంటాడు, రాజ్‌పుత్ ఆఫీసరు సిక్కులతో కలిసి తలకు గుడ్డ కట్టుకుని గురుద్వారాలో వంగుతాడు. జవానుకు ఆఫీసరు మీద గురి కుదిరేది ఇలాగే అంటారు పాతకాపులు.

అందరికీ ఇది మింగుడుపడదు. 3వ కావల్రీ రెజిమెంట్‌లో సిక్కు జవాన్ల దళానికి నాయకుడైన ఒక క్రైస్తవ లెఫ్టినెంట్ పరేడ్‌కు వచ్చేవాడు గానీ మందిరం గర్భాలయంలోకి మాత్రం వెళ్లేవాడు కాదు. బూట్లు విప్పి ఆవరణలో నిలబడతానని, లోపలికి వెళ్లి పూజ చేయడం తన విశ్వాసానికి విరుద్ధమని ఆయన వాదన. సైన్యం 2021లో ఆయన్ను తొలగించింది. ఇది మతస్వేచ్ఛ వ్యవహారం కాదు, పైఅధికారి ఆజ్ఞను ధిక్కరించడమేనని 2025 మేలో ఢిల్లీ హైకోర్టు అంది. నవంబరులో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. లోపలికి వెళ్లొచ్చని పాస్టరే సలహా ఇచ్చినా ఆయన వినలేదన్న విషయాన్ని న్యాయమూర్తులు ప్రస్తావించారు. గురువు మాట కంటే భక్తుడి పట్టుదల గట్టిదైన కేసు ఇది. యూనిట్ నడవాలంటే ఆజ్ఞ చెల్లాలి, అందులో అనుమానం లేదు. కానీ ఆవరణ దాకా వచ్చి చేతులు జోడించిన మనిషిని ఇంకో నాలుగు అడుగులు వేయించడం వల్ల సిక్కు జవాన్లకు అదనంగా ఒరిగేదేమిటో ఆ తీర్పులు చదివినా అంత సులువుగా అర్థం కాదు. తన రెజిమెంట్‌లో మందిరం, గురుద్వారా ఉన్నాయే తప్ప చర్చి గానీ సర్వ ధర్మ స్థల్ గానీ లేవని కూడా ఆ ఆఫీసరు కోర్టుకు చెప్పుకున్నాడు.