కార్డు ఉన్నా తప్పని ఖర్చు

జేబులోంచి పోతుందంటే మనిషి ఆచితూచి ఖర్చు పెడతాడు. వైద్యానికీ ఇదే వర్తిస్తుందన్న నమ్మకంతో అమెరికా 2003లో హెల్త్ సేవింగ్స్ ఖాతాలకు చట్టం చేసింది. ఆ ప్లాన్‌లో ప్రీమియం తక్కువే గానీ, ఏడాదిలో మొదట వచ్చే బిల్లులను ఒక హద్దు దాకా రోగే కట్టుకోవాలి. అందుకోసం పన్ను లేని ఖాతాలో డబ్బు దాచుకోవచ్చు. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకు ఇది తెలిసిన సంగతే. ఉచితం చేస్తే అవసరం లేకున్నా ఆసుపత్రులకు ఎగబడతారని, రోగి మీదా కొంత భారం ఉండాలని ఇక్కడా అనేవాళ్లున్నారు. ఈ వాదన నిలుస్తుందో లేదో ఛత్తీస్‌గఢ్‌లో చూడాలి. ఆ రాష్ట్రం నడిచింది సరిగ్గా దీనికి ఎదురు దారిలో. 2012లో ముఖ్యమంత్రి స్వాస్థ్య బీమా యోజనతో పేదా ధనికా తేడా లేకుండా కుటుంబానికి ఏడాదికి 30,000 రూపాయల బీమా ఇచ్చింది. ఆ హద్దు లోపల రోగి పైసా కట్టనక్కర్లేదన్నది అప్పటి నియమం.

అయినా కట్టారు. 2014 జాతీయ నమూనా సర్వే లెక్కల ఆధారంగా సులక్షణ నంది, ఆమె సహచరులు 2017లో ప్రచురించిన అధ్యయనం చూడండి. బీమా ఉండి ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవారిలో 95 శాతం మంది, సర్కారు ఆసుపత్రిలో చేరినవారిలో 66 శాతం మంది సొంత డబ్బు పెట్టుకున్నారు. ప్రైవేటులో ఆ ఖర్చు సర్కారు ఆసుపత్రికంటే ఎనిమిది రెట్లు. కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల రూపాయల బీమా ఇచ్చే కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ వచ్చాక సమీర్ గర్గ్ బృందం ఇదే రాష్ట్రంలో ఇంటింటి సర్వే చేసి 2020లో ఫలితాలు వెల్లడించింది. పథకంలో చేరినందువల్ల ఆసుపత్రి వాడకం పెరగలేదు, జేబు ఖర్చూ తగ్గలేదు. ఆసుపత్రి బీమా కార్డు తీసుకున్నాక కూడా మందుల చీటీ బయటి దుకాణానికి రాసిస్తే, స్కానింగ్‌కు వేరే డబ్బు అడిగితే, మంచం మీదున్న మనిషి బేరమాడగలడా? ధర పెట్టేదీ, ఏం కావాలో చెప్పేదీ అవతలివాళ్లే.

ఉచిత బీమా మీద గట్టి అభ్యంతరమే ఉంది. బీమా డబ్బు కోసం అక్కర్లేని ఆపరేషన్లు జరగవా? జరుగుతాయి. 2012లో రాయ్‌పూర్ చుట్టుపక్కల బీమా కార్డుల మీద పేద స్త్రీలకు అనవసరంగా గర్భసంచులు తీసేశారన్న ఆరోపణలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. కానీ ఆపరేషన్ కావాలని ఆ స్త్రీలు పట్టుబట్టలేదు, డాక్టర్లు చెప్పారు కాబట్టి ఒప్పుకున్నారు. వాళ్ల చేతికి పొదుపు ఖాతా ఇచ్చి ఉంటే ఆ సలహా మారేదా? అమెరికా అనుభవమూ ఇదే చెబుతోంది. ఒక పెద్ద కంపెనీ ఉద్యోగులను ఇలాంటి ప్లాన్‌లోకి మార్చితే ఖర్చు 12 నుంచి 14 శాతం తగ్గిందని 2017లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అయితే వాళ్లు చౌక ఆసుపత్రులు వెతుక్కోలేదు. అక్కర్లేని వైద్యంతో పాటు అవసరమైనదాన్నీ మానుకున్నారు. మంచి జీతాలు వచ్చేవాళ్లే అలా చేస్తే, రాయ్‌పూర్ దగ్గరి ఉర్లా ఫ్యాక్టరీల్లో రోజుకూలీ బీపీ మాత్రలు ఆపేయడూ? 1970లలో అమెరికాలోనే ర్యాండ్ సంస్థ చేసిన పెద్ద ప్రయోగంలో, ఉచిత వైద్యం అందిన పేదల రక్తపోటు మెరుగ్గా అదుపులో ఉంది.

కాబట్టి అనవసర వైద్యానికైనా, అదనపు వసూళ్లకైనా రోగి వాటా పెంచడం మందు కాదు. పైగా ఈ బీమా, ఆసుపత్రిలో చేరినప్పుడే అక్కరకు వస్తుంది. ఇంటిని రోజూ నలిపేది మాత్రం మందుల ఖర్చు. ఆ దిశగా ఛత్తీస్‌గఢ్ కొన్ని అడుగులు వేసింది. బస్తీలకు పరీక్షలు, మందులతో వచ్చే సంచార వైద్యశాలలు, 2021లో మొదలైన ధన్వంతరి జెనరిక్ దుకాణాలు అలాంటివే. నా దృష్టిలో ఐదు లక్షల కార్డు కంటే ఇవే ఎక్కువ మేలు, వీటికే ముందు డబ్బు కేటాయించాలి. బీమా నిర్ణయించిన ప్యాకేజీ ధర మీద అదనంగా వసూలు చేసిన ఆసుపత్రి చేత ఆ డబ్బు రోగికి తిరిగి ఇప్పించాలి. ఈలోగా కార్డు మీద చేరిన మీవాళ్లను ఎవరైనా డబ్బు అడిగితే రసీదు లేకుండా ఇవ్వకండి, ఆయుష్మాన్ భారత్ హెల్ప్‌లైన్ 14555కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.