హార్మోనియం రీడు, నూట ఒక్క అంకెలు

మన కళాశాల సామాను గదిలో ఒక పాత హార్మోనియం ఉన్నది. దానిని అమ్మివేయవలెనను మాట ఈ యేడు కమిటీలో వచ్చినదని విని, అంతకు ముందుగా దాని స్వరాలనైనా కంప్యూటరులో భద్రపరచవలెనని మేము కొందరం విద్యార్థులం పూనుకొన్నాము. హార్మోనియం మన రెండు భాషలవారికీ ఉమ్మడి వాద్యం. ఖవ్వాలీకి అది ఎంత అవసరమో తెలుగు పద్యనాటకానికీ అంతే అవసరం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఆరంభమైన సురభి నాటక సమాజపు కుటుంబాలు నేడు నివసించు కాలనీ, మన ఐటీ కార్యాలయాలకు అనతిదూరంలో, శేరిలింగంపల్లిలోనే ఉన్నది.

మా పూర్వ విద్యార్థి ఒకరు మాధాపురంలో, 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్‌కు సమీపాన, గది తీసుకొని ఉద్యోగం చేయుచున్నారు. ఒక ఆదివారం హార్మోనియంను ఆయన గదికి మోసికొనిపోయి, పంకా ఆపి, కిటికీలు మూసి, చెమటలు క్రక్కుచు రికార్డు చేసినాము.

కంప్యూటరుకు ధ్వని అనగా అంకెల వరుస. సామాన్యంగా సెకనుకు 44,100 అంకెలు. రీడు పలుకునప్పుడు ఒకే ఆకృతి గల తరంగం మరల మరల వచ్చును గనుక, అందులో ఒక్క ఆవృత్తిని కత్తిరించి, సాఫ్ట్‌వేరు సింథసైజరుచే ఎడతెగక చదివించినచో స్వరం నిలిచిపోవును. ఈ తునకనే లూప్ అందురు. వేగంగా చదివిన శ్రుతి హెచ్చును, మెల్లగా చదివిన తగ్గును.

చిక్కంతయు అంకెలు పూర్ణసంఖ్యలు కావలసి యుండుటలో ఉన్నది. సెకనుకు 440 కంపనాల స్వరానికి ఒక ఆవృత్తికి 100.227 అంకెలు రావలెను. నూరు అంకెలతో కోసినచో 441 కంపనాలు పలుకును. అర్ధస్వరాన్ని నూరు సెంట్లుగా భాగించినచో ఇది సుమారు నాలుగు సెంట్ల దోషం. ఇరువది రెండు ఆవృత్తులు కలిపి కోసినచో సరిగా 2,205 అంకెలు వచ్చి దోషం తొలగును. మా హార్మోనియంలో ఆ రీడు 437 మాత్రమే పలికినది. నూట ఒక్క అంకెలతో కోసి, 440కి చేర్చుటకు పదమూడు సెంట్లు హెచ్చించవలెనని ఫైలు పేరులోనే వ్రాసి ఉంచినాము. అంకెలను మాత్రం మార్చలేదు. ఆ తగ్గు శ్రుతి ఆ పెట్టె స్వభావం గదా!

అతుకు విషయంలో మేము పొరబడినాము. తరంగం సున్న గీతను పైకి దాటుచోట మొదలిడి, మరల అదే దిశలో దాటుటకు ముందటి అంకెతో ముగించవలెను. మొదట ఎక్కడో కోసినాము. అతుకు వద్ద టిక్కుటిక్కుమనునని ఎదురుచూచితిమి. కాని సెకనుకు నాలుగు వందలకు పైగా వచ్చు టిక్కులు విడివిడిగా వినిపించునా? తుమ్మెద రొద వినిపించినది.

అతుకు కుదిరిన పిదప కూడా ఆ స్వరం హార్మోనియంను పోలలేదు. కారణం రెండవ రీడు. మా పెట్టెలో ప్రతి మెట్టుకు రెండు రీడులున్నవి. ఒకటి 437, రెండవది 438 పలుకును. రెండూ కలిసినప్పుడు సెకనుకు ఒకసారి స్వరం ఉబ్బి తగ్గును. భౌతికశాస్త్రంలో చదువుకొన్న విస్పందనాలు ఇవియే. ఒక్క ఆవృత్తిలో ఈ ఊపిరికి చోటు లేదు. పూర్తిగా ఒక సెకను, అనగా 44,100 అంకెలు, కోయవలసి వచ్చినది. అప్పుడు గాని పక్కగదివారు “ఎవరయ్యా వాయించుచున్నది?” అని తొంగిచూడలేదు.

పై స్థాయికి అదే లూప్ పనికిరాదు. నూట ఒక్క అంకెలలో ఏబది వరకు అతిస్వరాలు ఇముడును. ఒక స్థాయి పైన ఇరువది అయిదింటికి మించినవి హద్దు దాటి, క్రిందికి మడతపడి, అపస్వరాలగును. అందుచే స్థాయికొక లూప్ చేసినాము.

గమకాలు పలుకవను ఆక్షేపణతో 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను నిషేధించినది. 1971 వరకు ఆ నిషేధం సాగినది. చదువు వేగాన్ని క్రమంగా మార్చినచో మా లూప్ జారుడు స్వరం పలుకుచున్నది. అసలు పెట్టె పలుకలేనిది దాని నీడ పలుకుట మాకే వింతగా తోచినది.

తిత్తిలో గాలి నిండునప్పుడు స్వరం మేల్కొను తీరు, మెట్టు విడిచినప్పటి కర్రచప్పుడు మా లూపులలో లేవు. గాంధార రీడు ఇటీవల బిగుసుకొన్నది. రీడు కొనను గీకిన శ్రుతి హెచ్చును, మొదలును గీకిన తగ్గును. ఇంత తెలిసియు ఆకురాయి పట్టుటకు మాకు ధైర్యం చాలలేదు. పనివాని కూలికి కమిటీవారు అనుమతించినచో, అమ్మకం సంగతి పిమ్మట చూడవచ్చును.