గుండెపోటు తర్వాత మళ్లీ పరుగు బాటలో

గుండెపోటు వచ్చి, మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంట్ వేయించుకుని ఇల్లు చేరిన దూరపరుగు సాధకుడికి రెండు వైపుల నుంచి ఒత్తిడి మొదలవుతుంది: ఇక పరుగు మాటే తలపెట్టవద్దని ఇంటివారు పట్టుబడతారు, నాళం తెరుచుకుంది కనుక ఆపిన చోటి నుంచే అందుకోవచ్చని ఏళ్ల అలవాటు తొందరపెడుతుంది. గుండె మానే తీరును గమనిస్తే ఈ రెండింటికీ ఆధారం కనిపించదు. స్టెంట్ రక్తప్రవాహాన్ని పునరుద్ధరిస్తుందే గాని, రక్తం అందక అప్పటికే నశించిన కండరాన్ని బతికించలేదు. ఆ భాగంలో గట్టి మచ్చ కణజాలం ఏర్పడి గుండె గోడ కుదుటపడడానికి వారాల కాలం పడుతుంది. అలాగని కదలకుండా పడుకోవడం చికిత్స కాదన్న సంగతిని వైద్యశాస్త్రం ఆలస్యంగానే గ్రహించింది.

20వ శతాబ్దం తొలి సగంలో గుండెపోటు రోగులను వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. బోస్టన్ వైద్యులు శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ రోగులను తొలి రోజుల్లోనే కుర్చీలో కూర్చోబెట్టే పద్ధతిని 1952లో ప్రతిపాదించాక ఆ కట్టడి సడలసాగింది. అతి విశ్రాంతి ఎంత నష్టం చేయగలదో 1966లో డాలస్‌లో జరిగిన ప్రయోగం చూపింది: ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులు మూడు వారాలు మంచంపైనే గడిపేసరికి వారి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగ సామర్థ్యం, అంటే తీవ్ర శ్రమలో శరీరం నిమిషానికి వాడుకోగల ఆక్సిజన్ పరిమాణం, నాలుగో వంతుకు పైగా పడిపోయింది, 30 ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని పరీక్షిస్తే వయసు వల్ల కలిగిన తరుగుదల కూడా ఆ మూడు వారాల నష్టాన్ని మించలేదు. 1973లో టొరంటో వైద్యుడు టెరెన్స్ కావనా గుండెపోటు నుంచి కోలుకున్న ఏడుగురిని బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తించగలిగారంటే, దాని వెనుక పర్యవేక్షణలో ఓపికగా సాగిన సాధన ఉంది.

ఆ సాధనకు తొలి మెట్టు కొలత. ఈసీజీ తీస్తూ ట్రెడ్‌మిల్‌పై నడిపించే పరీక్ష, గుండె ఎంత శ్రమను ఇబ్బంది లేకుండా మోయగలదో చెబుతుంది. ఏదైనా ఒక వేగం వద్ద రక్తం చాలని లక్షణాలు బయటపడితే, సాధనలో గుండె వేగాన్ని ఆ అంకెకు నిమిషానికి కనీసం పది స్పందనలు తక్కువగా ఉంచుతారు. పరుగరులకు బాగా అలవాటైన సూత్రం, 220 నుంచి వయసును తీసివేసి గరిష్ఠ వేగాన్ని అంచనా వేయడం, ఇక్కడ అక్కరకు రాదు. ఎందుకంటే గుండెపోటు తర్వాత తరచుగా ఇచ్చే బీటా బ్లాకర్ మందులు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి కనుక, చేతి గడియారంలో పాత అంకె కనిపించేదాకా పరుగెత్తే వ్యక్తి తనకు తెలియకుండానే హద్దు దాటిపోతాడు. అందువల్ల స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన శ్రమ కొలమానం ఎంతో ఉపకరిస్తుంది. అందులో 6 అంటే శ్రమే లేకపోవడం, 20 అంటే ఇక చేతకాని స్థితి. కోలుకునేవారిని సాధారణంగా 11 నుంచి 14 మధ్య, అంటే ఆయాసపడకుండా పక్కవారితో మాట్లాడగలిగే స్థాయిలో ఉంచుతారు. రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తినవారికి ఈ నడక చిన్నతనంగా తోచవచ్చు, కానీ దమ్ము తిరిగి కూడేది ఈ స్థాయిలోనే.

కార్డియాక్ రిహాబ్ అని పిలిచే పునరావాస శిక్షణ ఇందుకోసమే ఏర్పడింది. అమెరికాలో వృద్ధుల బీమా పథకమైన మెడికేర్ సాధారణంగా 36 సెషన్ల వరకు దీనికి చెల్లిస్తుంది, అయినా 2016 నాటి లెక్కల్లో అర్హులైన మెడికేర్ లబ్ధిదారుల్లో చేరినవారు దాదాపు నాలుగో వంతు మాత్రమే. ఇది ఎంతో విచారించవలసిన విషయం, తెలుగువారికి మరింతగా. దక్షిణాసియా సంతతిని గుండెజబ్బు ముప్పును పెంచే అంశాల్లో ఒకటిగా అమెరికా హృద్రోగ సంఘాలు 2018 కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లోనే చేర్చాయి. పరుగు అలవాటొక్కటే ఆ ముప్పును తుడిచివేయదు: అమెరికన్లకు పరుగు రుచి చూపిన రచయిత జిమ్ ఫిక్స్, తన తండ్రి 43 ఏళ్లకే గుండెజబ్బుతో మరణించగా, 1984లో తాను కూడా 52వ ఏట పరుగులో ఉండగానే గుండెపోటుతో మరణించాడు.

శిక్షణ ముగిశాక ముందు వ్యవధిని, అది స్థిరపడ్డాకనే వేగాన్ని పెంచుకోవాలి. ప్రతి పరుగు చివర్లో ఉన్నపళంగా ఆగిపోతే రక్తం కాళ్లలో నిలిచి, రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి కనుక నెమ్మది నడకతో ముగించాలి. స్టెంట్ వేసుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా వాడే మందుల వల్ల చిన్న దెబ్బకైనా రక్తస్రావం ఎక్కువవుతుంది కాబట్టి రోడ్డుపై సైకిల్ సాధనను కొన్నాళ్లు ఇంట్లోని స్థిర సైకిల్‌కు మార్చుకోవడం మేలు. ఒళ్లు నొప్పులకు పరుగరులు అలవాటుగా వేసుకునే ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు రక్తస్రావాన్నీ గుండె ముప్పునూ కూడా పెంచుతాయి గనుక వైద్యుని అడగకుండా ముట్టకూడదు. పందెంలో పాల్గొనాలనుకుంటే ముందు మళ్లీ పరీక్ష చేయించుకుని, తోటి పరుగరులకు తన ఆరోగ్య స్థితిని చెప్పి ఉంచాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కారణం లేని చెమట, స్పృహ తప్పుతున్న భావన కలిగితే ఆ క్షణమే ఆగి, అమెరికాలో 911కు, తెలుగు రాష్ట్రాల్లో 108కి ఫోన్ చేయాలి. సొంతంగా కారు నడుపుకుంటూ ఆసుపత్రికి బయలుదేరకూడదు.