వెనుకకు పరుగెత్తడం నేర్చిన యౌవనులు

మన సంఘాలలో పిల్లలు అమెరికాలో చదువుకుంటున్న కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు ఏ శనివారమైనా వారికి ఫోను చేస్తే, "ఈ రోజు మా కాలేజీ ఫుట్‌బాల్ ఆట ఉందమ్మా, ఊరు ఊరంతా అక్కడే ఉంది" అనే మాట వినబడవచ్చు. ఆ ఆట సంగతి మనకు తెలియదు గనుక "అలాగా" అని ఊరుకుంటాము. ఈ నెల ఆ ఆటలో అందరికంటె వెనుక నిలబడే కొందరు యౌవనుల సంగతి మీతో పంచుకోవాలని మేము అనుకున్నాము. వేలాదిమంది ఎదుట ఓడిపోయి, మరుక్షణం తిరిగి అదే చోట నిలబడడం వారు నేర్చుకున్నారు. పరీక్ష తప్పిన పిల్లవాడు గల ప్రతి ఇంటికి ఈ సంగతి అవసరమని మా తలంపు.

చివరి గట్టు

అమెరికా ఫుట్‌బాల్ మనమెరిగిన, కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. రెండు కొనలు మొనదేలిన బంతిని చేతితో పట్టుకొని పరుగెత్తుతారు, లేదా ముందుకు విసురుతారు. ఒక్కొక్క జట్టున 11 మంది. మైదానం పొడవు 100 గజాలు. బంతి గల జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు సాగాలి. సాగితే మరల నాలుగు అవకాశాలు వస్తాయి. బంతితో చివరి గీత దాటితే దానిని టచ్‌డౌన్ అంటారు; 6 పాయింట్లు.

ఎదుటి జట్టు దూరంగా విసిరిన బంతిని అడ్డుకొనేవారు డిఫెన్సివ్ బ్యాక్‌లు. అంచున నిలిచేవాడు కార్నర్‌బ్యాక్. నడుమ, అందరి వెనుక నిలిచేవాడు సేఫ్టీ. వీరి పని ఎంత కష్టమో ఆలోచించండి. బంతి అందుకోబోయేవానికి తాను ఎటు పరుగెత్తాలో ముందే తెలుసు. కాపలావానికి తెలియదు. అతడు ఎదుటివాని మీదనే చూపు నిలిపి, వెనుకకు అడుగులు వేస్తూ పరుగెత్తాలి. ఎదుటివాడు మలుపు తిరిగిన క్షణమే తానూ తిరగాలి. పైగట్టు తెగితే క్రింది గట్టు నీటిని ఆపవచ్చు. చివరి గట్టు తెగితే నీరు పోయినట్టే. ముందు వరుసలోని వాడు తప్పు చేస్తే వెనుకవారు సర్దుతారు. వీరు తప్పు చేస్తే సర్దేవారు లేరు. ఆ తప్పు స్టేడియమంతటికీ కనబడుతుంది.

దెబ్బ తిన్న సంవత్సరం

అలబామా రాష్ట్రంలో టస్కలూసా అనే పట్టణమున్నది. అక్కడి విశ్వవిద్యాలయం స్టేడియంలో సుమారు లక్షమంది కూర్చుంటారు. 2007 నుండి 2024 జనవరిలో విరమించుకొనే వరకు ఆ జట్టుకు నిక్ సేబన్ అనే ఆయన ముఖ్య కోచ్. ఆయన కూడా చదువుకునే రోజులలో ఒహాయోలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయానికి డిఫెన్సివ్ బ్యాక్‌గా ఆడినవాడే. గనుక ముఖ్య కోచ్ అయిన తరువాత కూడా వెనుక వరుస కుర్రవారి దగ్గర నిలబడి, కాలు ఎక్కడ పెట్టాలో, చూపు ఎక్కడ నిలపాలో తానే నేర్పేవాడు.

2014 నవంబరులో తమ చిరకాల ప్రత్యర్థియైన ఆబర్న్‌తో ఆట జరిగింది. అలబామా 55–44తో గెలిచింది గాని, ఆబర్న్ బంతి విసిరి 456 గజాలు సాధించింది. వెనుక వరుసకు అది ఎంతో అవమానకరమైన రాత్రి. ఆ వరుసలో ఎడ్డీ జాక్సన్ అనే యౌవనుడున్నాడు. ఆ ఏడు వేసవికి ముందే అతని మోకాలి లిగమెంటు తెగింది. కోలుకొని మైదానానికి తిరిగి వచ్చాడు. 2015 జనవరి 1న ఒహాయో స్టేట్ చేతిలో 42–35తో ఓడిపోయి జట్టు ఆ ఏటి పోటీనుండి వైదొలగింది.

ఇట్టి స్థితిలో కోచ్‌లు ఏమి చేశారు? జాక్సన్‌ను అంచునుండి నడుమకు, అనగా కార్నర్‌బ్యాక్ స్థానంనుండి సేఫ్టీ స్థానానికి మార్చారు. అక్కడ నిలిచేవానికి మైదానమంతా ఎదుట కనబడుతుంది. అంచున తడబడిన కుర్రవానికి ఆ చోటు చక్కగా సరిపోయింది. అదే జట్టులో సైరస్ జోన్స్ 2012లో బంతి అందుకొనేవానిగా చేరి, మరుసటి ఏడు బంతి అడ్డుకొనేవానిగా మారాడు. పిల్లవాడు ఒక పనిలో తప్పిపోతే వాడు దేనికీ పనికిరాడని తీర్పు తీర్చే ముందు, వాని చోటు ఇది కాదేమో అని అడగవలసియున్నది.

ఆగినవాడు, అప్పుడే వచ్చినవాడు

మార్లన్ హంఫ్రీ తండ్రి 1980లలో ఇదే అలబామాకు ఆడి పేరు పొందినవాడు. అయినా కొడుకును 2014లో ఏ ఆటలోనూ దింపలేదు. దీనిని అక్కడ రెడ్‌షర్ట్ సంవత్సరం అంటారు. అనగా, అప్పటి నియమం ప్రకారం, జట్టుతోపాటు ప్రతిదినం అభ్యాసం చేసేవాడు గాని ఆడేవాడు కాదు. ఆడుటకు అతనికి గల సంవత్సరాలలో అది లెక్కకు వచ్చేది కాదు. పేరుగల తండ్రికి కుమారుడై, ఏడాదంతా ప్రక్కన నిలబడి చూడడం ఏ యౌవనునికైనా సులభం కాదు.

మింకా ఫిట్జ్‌పాట్రిక్ న్యూజెర్సీనుండి 2015లో మొదటి సంవత్సరం విద్యార్థిగా వచ్చాడు. 2011లో ఐరీన్ తుఫాను వరదలో అతని కుటుంబం ఇల్లు మునిగిపోయింది. తుఫాను తరువాతి రోజులు ఎట్టివో మన కోస్తా కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇతడు రెడ్‌షర్ట్ ఏడు లేకుండానే ఆటలో దిగాడు. ఒకరిని ఆపి ఉంచడం, ఒకరిని వెంటనే దింపడం ఈ రెండూ ఒకే ఇంటి పెంపకమే. పిల్లలందరూ ఒకే వయస్సులో పక్వానికి రారని తల్లులకు తెలుసు.

2015 సెప్టెంబరు 19న మిసిసిపీ విశ్వవిద్యాలయం చేతిలో 43–37తో ఓడిపోయారు. ఆ తరువాత ఆ ఏడు మరి ఒక్క ఆట కూడా ఓడలేదు. అక్టోబరు 17న టెక్సస్ ఏ అండ్ ఎం మీద మింకా ఎదుటివారి బంతిని గాలిలోనే రెండుసార్లు అందుకొని, రెండుసార్లూ గీత దాటాడు. జాక్సన్ మరొక బంతిని అందుకొని 93 గజాలు పరుగెత్తాడు. అంతకు ముందు ఏడు తలవంచుకొన్న వరుస ఇదే.

ఏడు క్షణాల పాఠం

సేబన్ 1998లో మిషిగన్ స్టేట్‌లో కోచ్‌గా ఉన్నప్పుడు, ఆ విశ్వవిద్యాలయంలోని మనోవైద్యుడు లయొనెల్ రోజెన్ ఒక ఆలోచన చెప్పారు. ఒక్కొక్క ఎత్తు సుమారు ఏడు క్షణాలలో ముగుస్తుంది. గెలుపును గూర్చిగాని ఓటమిని గూర్చిగాని తలంచక, ఆ ఏడు క్షణాల పనిని మాత్రమే చూడమని ఆయన సలహా. ఆ ఏడు మొదటి స్థానంలో ఉన్న ఒహాయో స్టేట్‌ను మిషిగన్ స్టేట్ 28–24తో ఓడించింది. అప్పటినుండి సేబన్ శిక్షణకు ఇదే పునాది అయింది.

వెనుక వరుసవానికి ఈ పాఠం మరీ అవసరం. ఎంత గొప్పవాడైనా ఎప్పుడో ఒకప్పుడు అతని తలమీదుగా బంతి పోతుంది. అప్పుడు సిగ్గుతో క్రుంగిపోతే తరువాతి బంతి కూడా పోతుంది.

2016 జనవరి 11న అరిజోనాలోని గ్లెండేల్‌లో జాతీయ విజేత ఎవరో తేల్చే ఆట జరిగింది. క్లెమ్సన్ జట్టు యౌవనుడు డెషాన్ వాట్సన్ బంతి విసిరి 405 గజాలు సాధించాడు. మొదటి భాగంలోనే వెనుక వరుస మీదుగా రెండు టచ్‌డౌన్‌లు వచ్చాయి. వారు దాచుకోలేని దెబ్బలివి. అయినా ఆ తరువాత జాక్సన్ వాట్సన్ విసిరిన బంతిని అందుకొన్నాడు. దానివలన అలబామా స్కోరు సమం చేయగలిగింది. చివరి భాగంలో 24–24గా ఉన్నప్పుడు అలబామా ఎవరూ ఊహించని విధముగా బంతిని కొద్ది దూరమే తన్నింది. దానిని అందుకొన్నది ముందటి ఏడు ప్రక్కన నిలబడి చూచిన మార్లన్ హంఫ్రీ. అలబామా 45–40తో గెలిచింది. రక్షణ ఆటగాళ్ళలో ఆనాటి ఉత్తముడు ఎడ్డీ జాక్సన్ అని ప్రకటించారు.

పిలువబడనివాడు

ఈ విజయాల వెనుక మరియొక యౌవనుడున్నాడు. లీవై వాలెస్ అరిజోనాలోని టూసాన్ వాడు, సన్నగా ఉండేవాడు. అలబామా జట్టు అతనిని పిలువలేదు. సామాన్య విద్యార్థిగానే చేరాడు. అమెరికా వైమానిక దళంలో పనిచేసిన అతని తండ్రి, ఏ.ఎల్.ఎస్. అనే నరముల వ్యాధితో 2014లో కన్నుమూశారు. ఆ సంవత్సరమే లీవై స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చోటు అడిగి చేరాడు. రెండేళ్ళు అభ్యాసంలో ఇతరులకు తోడుగా ఉండి, 2016లో స్కాలర్‌షిప్ పొందాడు. 2017లో ఆట మొదలుపెట్టే 11 మందిలో ఒకడై, ఆ ఏడు మూడు బంతులు అందుకొన్నాడు. ఆ జట్టు 2018 జనవరి 8న జార్జియాను 26–23తో ఓడించి జాతీయ విజేత అయింది. తరువాత వృత్తి జట్లు ఆటగాళ్ళను ఎంచుకొనే దినాన అతని పేరు ఎవరూ పిలువలేదు. అయినా బఫెలో జట్టులో చేరి, ఆ ఏడే మొదటి వరుసలో ఆడాడు.

ఇప్పుడు కాలం కొంత మారింది. 2021 నుండి విద్యార్థి ఒక కాలేజీ జట్టు విడిచి మరొకదానికి వెళ్ళి, ఏడాది ఆగకుండానే ఆడవచ్చు. 2025 నుండి కాలేజీలే ఆటగాళ్ళకు సొమ్ము చెల్లించవచ్చు. బీద కుటుంబం కుర్రవానికి ఇది మేలే. దానిని మేము తప్పుపట్టము. అయితే ఆగడం, చోటు మారి నేర్చుకోవడం, దెబ్బ తిన్న చోటనే మరల నిలబడడం ఎక్కడికి వెళ్ళినా తప్పవు.

జాక్సన్ కథ కూడా విజయంతో ముగియలేదు. 2016 అక్టోబరులో ఆటలో అతని కాలు విరిగి, కాలేజీ ఆట అంతటితో ఆగింది. అతని చోట నిలబడినవాడు మింకా. మరుసటి ఏడు చికాగో జట్టు జాక్సన్‌ను నాలుగవ విడతలో తీసుకొన్నది. కాలు విరిగినవానికి కూడా ఎదురుచూచే తలుపు ఒకటి మిగిలియున్నది.

తల్లిదండ్రులారా, ఈ వేసవిలో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మన ఇళ్ళలో ఎవరి తలమీదుగానో బంతి పోవచ్చు. ఆ రాత్రి ప్రక్కింటి పిల్లవాని మార్కులు ఎత్తవద్దు. తండ్రి పేరు నిలబెట్టలేదని అనవద్దు. ఎప్పటిలాగే కంచం పెట్టి, అన్నం వడ్డించి, వాని ప్రక్కనే కూర్చోండి. సప్లిమెంటరీ ఫీజు సంగతి, చోటు మార్చవలసిన సంగతి తెల్లవారిన తరువాత మాట్లాడుకోవచ్చు.